లైన్ క్లియర్ ఎవరిస్తారు?

'లైన్‌మన్' అన్న మాటలోనే మగవాడున్నాడు. ఉద్యోగానికి పేరు పెట్టినవాళ్లు ఆడది స్తంభం ఎక్కుతుందని ఊహించలేదు కాబట్టి ఆ పేరు పెట్టారు. పేరు అలా ఉంది కాబట్టి తర్వాతివాళ్లు ఊహించాల్సిన అవసరమే లేదనుకున్నారు. 2019లో దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ జూనియర్ లైన్‌మన్ పోస్టులకు ప్రకటన ఇచ్చి ఆడవాళ్లను పక్కన పెడితే, కొందరు అమ్మాయిలు హైకోర్టుకు వెళ్లారు. స్తంభం ఎక్కడానికి ముందు వాళ్లు కోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చింది. 2020 డిసెంబరులో కోర్టు ఆదేశంతో వాళ్లకు స్తంభం ఎక్కే పరీక్ష పెట్టారు. 2021లో సిద్దిపేట జిల్లాకు చెందిన బబ్బూరి శిరీష తెలంగాణలో మొదటి లైన్‌ఉమన్‌గా ఉద్యోగంలో చేరింది.

స్తంభం మీద ఆమె ఫొటో చూసి మనమందరం సంతోషించాం. సంతోషించాల్సిందే. అయితే ఫొటోలో కనిపించేది ఆ చదువులో చివరి నిమిషం మాత్రమే. అంతకు ముందున్న నెలలూ సంవత్సరాలూ ఫొటోకి అందవు. ఆడపిల్ల ఇటువంటి పని ఎవరి దగ్గర నేర్చుకోవాలి, ఏ షరతుల మీద నేర్చుకోవాలి, నేర్చుకునేటప్పుడు ఆమె ప్రాణానికి పూచీ ఎవరిది? పనిహక్కు గురించి మనం చాలా మాట్లాడుకున్నాం, చాలా రాసుకున్నాం. పని నేర్చుకునే హక్కు గురించి మాట్లాడుకున్నది తక్కువే అనిపిస్తుంది.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. జనగామ వైపు మా అమ్మ వాళ్ల ఊళ్లో ఒక అమ్మాయి ఉంది. ఇంటర్ అయిపోయింది. తండ్రి లేడు. తల్లి నాట్లకీ కలుపుకీ పత్తి ఏరడానికీ కూలికి పోతుంది. మేనమామ ఒక కాంట్రాక్టరు దగ్గర లైన్ పని చేస్తాడు. స్తంభాలు పాతడం, వైరు లాగడం, ట్రాన్స్‌ఫార్మర్‌ని గద్దె మీదికి ఎక్కించడం అతని పని. ఆ అమ్మాయి నన్ను అడిగింది: "అక్కా, ఐటీఐల చేరితే రెండేండ్లు పోతయి. మామ గ్యాంగుల పోతే రేపటి సంది కూలి వస్తది, పని గూడ వస్తది. ఐటీఐ సార్లకు స్తంభం ఎక్కుడు వస్తదా అంటుండు మామ. ఏది మంచిగుంటది?"

పీహెచ్‌డీ చేసినదాన్ని చదువు గురించి అడిగితే చదువుకొమ్మనే చెబుతుందని ఆమెకు ముందే తెలుసు. అందుకే అడిగిన తీరులో కొంచెం ఎకసెక్కం కూడా ఉంది. "చదువుకున్నదానివి, నువ్వే చెప్పు బిడ్డా" అని వాళ్లమ్మ మాత్రం నిజంగానే అడిగింది. తల్లీకూతుళ్లు అడిగినవి ఒక ప్రశ్నలా వినిపించే రెండు ప్రశ్నలు. కూతురు అడిగింది ఏ దారిలో పని బాగా వస్తుందని. తల్లి అడిగింది ఏ దారిలో పిల్ల బతికి ఇంటికొస్తుందని.

ముందు మామ మాటలో ఉన్న నిజాన్ని ఒప్పుకోవాలి. పని చేస్తేనే పని వస్తుంది. ఇళ్లు కడుతూనే ఇళ్లు కట్టేవాళ్లవుతారనీ, మంచి పనులు చేస్తూనే మంచివాళ్లవుతారనీ అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో వాదించాడు. మన మెకానిక్ షెడ్లలో ఏ ఉస్తాద్‌ని అడిగినా ఇదే మాట తన భాషలో చెబుతాడు. చాలా ఐటీఐల్లో ఎలక్ట్రీషియన్ ట్రేడు అంటే నాలుగ్గోడల మధ్య వైరింగు బోర్డు, విప్పి మళ్లీ చుట్టే మోటారు, నోట్సు, రికార్డు పుస్తకం. గాలివానకి వైరు తెగి పొలంలో పడితే చీకట్లో దాని దగ్గరికి ఎలా నడవాలో, ట్రాన్స్‌ఫార్మర్ చప్పుడు మారితే ఏమైనట్టో, తడిసిన స్తంభం మీద కాలు ఎక్కడ నిలుస్తుందో ఆ గదిలో రాదు. ఆ జ్ఞానం మనుషుల చేతుల్లో ఉంది, చెవుల్లో ఉంది. వాళ్ల పక్కన నిలబడితేనే వస్తుంది.

ఆ పక్కన నిలబడనిచ్చేది ఎవరిని? చిక్కంతా అక్కడే ఉంది.

శిష్యరికం గురించి మనం చెప్పుకునే కథల్లో గురువు ఉంటాడు, శిష్యుడు ఉంటాడు. మన చేతివృత్తుల ఇళ్లల్లోకి వెళ్లి చూస్తే శిష్యుడికి పక్కనే, అంతకంటే ఎక్కువ కాలం పనిని చూస్తూ, పనిలో సగం చేస్తూ ఆడవాళ్లు ఉంటారు. కుమ్మరి ఇంట్లో మట్టి పిసికేది, కుండలు నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేది ఆమె. సారె తిప్పేది అతను. కొలిమి దగ్గర తిత్తి ఊదేది ఆమె, సుత్తి పట్టి కమ్మరి అనిపించుకునేది అతను. పోచంపల్లి చీరకి ఆసు పోసేది ఆడవాళ్లు. ఒక చీరకి కొన్ని వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసుయంత్రం తయారుచేశారు, దానికి తల్లి పేరే పెట్టారు. అన్నేళ్లు ఆసు పోసిన ఆ తల్లులను ఎవరూ నేతగాళ్లు అనలేదు. చూసి నేర్చుకునే అవకాశమే శిష్యరికం అయితే, ఈ దేశంలో ఆడవాళ్లంత సుదీర్ఘమైన శిష్యరికం చేసినవాళ్లు లేరు. వాళ్లకి దక్కనిది నేర్చుకున్నావని చెప్పే మాట. పట్టా.

అంటే శిష్యరికంలో రెండు భాగాలున్నాయి. ఒకటి పని చేతికి రావడం, రెండోది వచ్చిందని పదిమందీ ఒప్పుకోవడం. మొదటిది సాధన మీద ఆధారపడుతుంది. రెండోది గురువు దయ మీద ఆధారపడుతుంది. ఏకలవ్యుడి కథ మనకు చెబుతున్నది కూడా ఇదే కదా. అతనికి విద్య వచ్చింది. గురుకులంలో చోటు లేకుండానే వచ్చింది. కానీ అది ఎవరి విద్య అన్నది తేల్చే అధికారం అతని దగ్గర లేదు. అందుకే బొటనవేలు పోయింది. కులం తేల్చినట్టే లింగం కూడా తేల్చుతుంది.

అయితే పట్టా పక్షాన తొందరపడి నిలబడలేను. పట్టా ఆడవాళ్లకి ఎప్పుడూ చుట్టం కాదు. మంత్రసానులు ఉన్నారు. ఎక్కువగా అణగారిన కులాల ఆడవాళ్లు. తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి అందిన విద్య వాళ్లది. కడుపు మీద చెయ్యి పెట్టి బిడ్డ ఎలా తిరిగి ఉందో చెప్పగలిగేవాళ్లు. నర్సు సర్టిఫికెట్టు వచ్చాక వాళ్ల చేతుల్లో ఉన్నది జ్ఞానం కాదని, మురికి అని అన్నారు. కాన్పుల్లో చావులు తగ్గడానికి ఆసుపత్రి కావాలన్నది నిజమే. కానీ వాళ్లకు తెలిసినదాన్ని గౌరవించి, తెలియనిది నేర్పి, అదే చేతికి పట్టా ఇచ్చే దారి కూడా ఒకటి ఉండింది. ఆ దారి పట్టడానికి ఎక్కువమంది ఇష్టపడలేదు. బడి ఒక జ్ఞానాన్ని తనలో చేర్చుకున్నప్పుడు, ఆ జ్ఞానాన్ని అప్పటిదాకా మోసినవాళ్లను బయటే నిలబెట్టేస్తుంది చాలాసార్లు. మామ అన్న మాట వెనక ఉన్న కోపం కూడా ఇదే. ఇరవై ఏళ్లు స్తంభాలు ఎక్కిన తనకి కాగితం లేదు. ఒక్క స్తంభమూ ఎక్కని కుర్రాడికి కాగితం ఉంది. 2019 నాటి ఆ ప్రకటన కూడా పదో తరగతితో పాటు ఐటీఐలో ఎలక్ట్రికల్ గానీ వైర్‌మన్ గానీ, లేదంటే ఇంటర్‌లో ఎలక్ట్రికల్ ఒకేషనల్ గానీ ఉండాలనే అడిగింది. మామ అనుభవానికి అందులో గడి లేదు.

అంతెందుకు, మా పరిశోధన కూడా శిష్యరికమే. సాహిత్యంలో పీహెచ్‌డీ అంటే పైకి విశ్వవిద్యాలయం, నియమాలు, సెమినార్లు. లోపల మాత్రం గైడు. గైడు సంతకం పెట్టనిదే అధ్యాయం కదలదు. అతని ఇంట్లో పెళ్లి పనులకు వెళ్లిన అమ్మాయిలు నాకు తెలుసు. సంతకం కోసం నెలల తరబడి వరండాలో నిలబడ్డ రోజులు నాకూ ఉన్నాయి. "సార్ మంచివారే" అని మాకు మేం చెప్పుకునేవాళ్లం. ఎంత మంచివారైనా మా భవిష్యత్తు ఆయన మంచితనం మీద ఆధారపడి ఉండటమే అసలు సమస్య అని చెప్పడానికి అప్పుడు మా దగ్గర మాట లేదు. అయితే మా శిష్యరికంలో ఆలస్యం అయితే వయసు పోతుంది, స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. ఆ అమ్మాయి శిష్యరికంలో ఒక్క నిమిషం తేడా వస్తే ప్రాణం పోతుంది.

అందుకని ఆ పని ఎలా జరుగుతుందో కొంచెం దగ్గరగా చూడాలి. పదకొండు కేవీ లైను మీద పని చెయ్యాలంటే ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకోవాలి. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు ఆ ఫీడరు ఆపి, ఆపానని రాసి ఇస్తాడు. తర్వాత ఏబీ స్విచ్ తెరవాలి. లైన్‌లో కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకోవాలి. డిశ్చార్జి రాడ్లు తగిలించి పనిచేసే చోటుకి రెండు పక్కలా ఎర్తు చెయ్యాలి, ఎందుకంటే ఏ ఇంట్లోనో జనరేటరు నుంచి కరెంటు వెనక్కి వచ్చే ప్రమాదం ఉంది. హెల్మెట్, గ్లవుజులు, బెల్టు. పని అయ్యాక ఎక్కినవాళ్లందరూ దిగారని లెక్క చూసుకుని ఎల్‌సీ తిరిగి ఇచ్చేయాలి. అప్పుడే లైను చార్జి చెయ్యాలి.

ఇందులో ఒక్క మెట్టు కూడా కష్టమైన విద్య కాదు. ఒక పూటలో బట్టీ పట్టొచ్చు. కానీ వర్షం పడుతూ, ఊరంతా ఫోన్లు చేస్తూ, ఏఈ తొందర పెడుతూ ఉంటే మొదట ఎగిరిపోయేవి ఈ మెట్లే. "ఫోన్లో చెప్పిన, ఆపిండ్రు, ఎక్కు" అంటారు. కింద నిలబడి చెప్పేవాడు ఒకడు, పైకి ఎక్కేవాడు ఇంకొకడు. పైకి ఎక్కేది ఎప్పుడూ గ్యాంగులో చిన్నవాడే, కొత్తవాడే. హెల్పరే.

ఇక్కడికి వచ్చేసరికి నాకు ఆ అమ్మాయి ప్రశ్న కొత్తగా కనిపించింది. ఈ రెండు దారుల్లో పని ఎక్కడ బాగా వస్తుందని అడిగితే మామ గెలుస్తాడు. ఎక్కడైతే ఆమె "నేను ఎక్కను, ముందు ఎల్‌సీ చూపించండి" అని అనగలదు, అని భవిష్యత్తుని పోగొట్టుకోకుండా ఉండగలదు అని అడిగితే లెక్క మారిపోతుంది.

శిష్యరికంలో జ్ఞానం ప్రేమతో పాటు వస్తుంది. మామ ఆమెను కూతురిలా చూసుకుంటాడు, అబద్ధం కాదు. కానీ ఆ ప్రేమకి ఒక ఖరీదు ఉంది, దాని పేరు వినయం. మామ ఎక్కమంటే ఎక్కాలి. ఎక్కనంటే మామ మీద నమ్మకం లేనట్టు. మామని అవమానించినట్టు. అందులోనూ ఆడపిల్లకి పుట్టినప్పటి నుంచి మనం నేర్పింది ఏమిటి? ఎదురు చెప్పకు, సర్దుకుపో, పెద్దవాళ్లు నీ మంచికే చెబుతారు. ఏ గుణాల వల్ల ఆమె 'మంచి శిష్యురాలు' అనిపించుకుంటుందో, ఆ గుణాలే స్తంభం మీద ఆమెను చంపగలవు. మగపిల్లవాడి సంగతి ఇంకోలా ఉంటుంది. వాడికి "మగాడివి కాదూ, భయమా?" అన్న మాట చాలు. వినయం ఆమెను ఎక్కిస్తుంది, పౌరుషం వాడిని ఎక్కిస్తుంది. ఇద్దరికీ నేర్పనిది ఒకటే, కాదనడం. పితృస్వామ్యం మగవాళ్లకి కూడా ఏం చేస్తుందో చూడాలంటే, చేతులు కాలిపోయి ఇంట్లో కూర్చున్న పాతికేళ్ల హెల్పర్లను చూడాలి.

కాదనడానికి ధైర్యం ఒక్కటే సరిపోదు. కాదనడానికి ఒక ఆధారం కావాలి. మనిషికి వేరుగా, మనిషి కంటే పైన నిలబడే నియమం తెలిసి ఉండాలి. "నాకు భయంగా ఉంది మామా" అని అనడం వేరు, "ఎర్తు చెయ్యకుండా ఎక్కకూడదు మామా" అని అనడం వేరు. మొదటిది ఆమె బలహీనత అవుతుంది, రెండోది పని నియమం అవుతుంది. బడి ఎంత నాసిరకంగా ఉన్నా అది ఇవ్వగలిగేది ఇదే. పనిని పని నేర్పిన మనిషి నుంచి విడదీసి చూపిస్తుంది. తప్పు చేసినా చచ్చిపోని చోట తప్పు చేసే అవకాశం ఇస్తుంది. కరెంటు లేని బోర్డు మీద నేర్చుకోవడం అంటే మామకి నవ్వులాట. కానీ మొదటి తప్పుకి ప్రాణం తీసే చోట పాఠం మొదలుపెట్టడం నేర్పడం అవుతుందా? 'నేల విడిచి సాము' అని మనకొక సామెత ఉంది. లైన్ పని అక్షరాలా నేల విడిచి చేసే సాము. అందుకే దానికి ముందు నేల మీద చేసే సాము కావాలి.

చట్టం ఏమంటుందో కూడా చూడాలి. 1961 అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం అప్రెంటిస్ అంటే శిక్షణ పొందేవారే, కార్మికులు కారు. కార్మిక చట్టాలు మామూలుగా వారికి వర్తించవు. ఇది అన్యాయమే. శిక్షణ తర్వాత ఉద్యోగం ఇచ్చి తీరాలని కూడా లేదు. మిగతా అర్హతలన్నీ సమానమైతే అప్రెంటిస్‌షిప్ చేసినవారికి ప్రాధాన్యం ఇవ్వాలని మాత్రం 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆ చట్టంలో రాతపూర్వకమైన ఒప్పందం ఉంది, స్టయిపెండ్ ఉంది, శిక్షణలో గాయపడితే యజమాని నష్టపరిహారం ఇవ్వాలన్న సెక్షన్ ఉంది. మామ గ్యాంగులో చేరడం ఆ చట్టం చెప్పే అప్రెంటిస్‌షిప్ కాదు. అక్కడ ఒప్పందం లేదు, మస్టర్‌లో పేరు ఉంటుందో ఉండదో తెలియదు. ప్రమాదం జరిగితే మొదట వినిపించే మాట "ఎవరెక్కమన్నారు?" అని.

శిష్యరికం అన్నిచోట్లా ఇలాగే ఉండదు. అమెరికాలో లైన్ పనికి అప్రెంటిస్‌షిప్ అంటే సుమారు 7,000 గంటల పని, దాదాపు నాలుగేళ్లు. యూనియనూ యాజమాన్యాలూ కలిసి నడిపే పథకాలున్నాయి. మొదటి రోజు నుంచి జీతం, ఏడాది గడిచేకొద్దీ పెంపు, పనితో పాటు తరగతులు. అక్కడి పిల్ల "ట్రేడ్ స్కూలా, అప్రెంటిస్‌షిప్పా?" అని అడిగితే, చాలామంది నేరుగా అప్రెంటిస్‌షిప్పే మేలంటారు. అదే మాట జనగామలో చెబితే అబద్ధమవుతుంది. మాట ఒకటే, దాని కింద ఉన్న నేల వేరు. మన దగ్గర నేరుగా పనిలో చేరి నేర్చుకున్నవాళ్లకి గుర్తింపు రావడానికి ఎంత కాలం పట్టిందో గుర్తు చేసుకుందాం. తెలంగాణ విద్యుత్ సంస్థల్లో ఏళ్ల తరబడి కాంట్రాక్టర్ల కింద పనిచేసిన ఇరవై వేలమందికి పైగా కార్మికులను 2017లో 'ఆర్టిజన్లు'గా తీసుకున్నారు. అది పోరాడితే వచ్చింది. పని రావడంతో రాలేదు.

అందుకని ఆ అమ్మాయికి ఐటీఐలో చేరమనే చెప్పాను. తర్వాత ఒప్పందం ఉన్న అప్రెంటిస్‌షిప్ చెయ్యమన్నాను. మామని మాత్రం వదులుకోవద్దని కూడా చెప్పాను. సెలవుల్లో వెళ్లి కింద నిలబడి చూడు, అడుగు, చెవి పెట్టి విను, కానీ రెండేళ్లయ్యేదాకా ఎక్కకు అన్నాను. ఆమె కొంచెంసేపు ఆలోచించి అడిగింది: "ఆ రెండేండ్లు అమ్మ కూలి మీదనే కదక్కా నేను తినేది?"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. నా వాదనంతా సరైనదే కావొచ్చు, దాని ఖర్చు మాత్రం నేను పెట్టడం లేదు. ఇంకొక ఆడమనిషి నడుము పెడుతోంది. ఆడపిల్ల చదువు గురించి మనం చేసే ప్రతి గొప్ప నిర్ణయం వెనకా లెక్కలోకి రాని ఒక తల్లి శ్రమ ఉంటుంది. భద్రంగా నేర్చుకోవడం హక్కు అని మనం అంటున్నామంటే, ఆ రెండేళ్ల తిండికి పూచీ పడాల్సింది ఆ తల్లి కాదు, ఆ కరెంటు వాడుకునే మనందరం. ఐటీఐ ఆవరణలో నాలుగు స్తంభాలు పాతి, వాటి మీద ఎక్కడం నేర్పడం కష్టమేమీ కాదు. అక్కడ నేర్పడానికి ఇరవై ఏళ్ల అనుభవమున్న మామ లాంటివాళ్లను జీతమిచ్చి పిలవొచ్చు, వాళ్లకి తెలిసినదాన్ని పరీక్షించి కాగితం ఇవ్వొచ్చు. మంత్రసానుల విషయంలో చెయ్యనిది ఇక్కడైనా చెయ్యొచ్చు. మహిళా ఐటీఐ అంటే కుట్టుపనీ, కంప్యూటరు ఆపరేటరూ అన్న అలవాటు మానుకోవచ్చు. సబ్‌స్టేషన్‌లో ఆడవాళ్లకి ఒక మరుగుదొడ్డి కట్టొచ్చు. ఇవన్నీ చిన్న కోరికలు. ఇన్నాళ్లూ తీరకపోవడానికి కారణం, ఈ పని నేర్చుకోవడానికి ఆడపిల్ల వస్తుందని ఎవరూ అనుకోకపోవడమే. మహారాష్ట్రలో ఆడవాళ్లు మనకంటే ముందే స్తంభాలెక్కారు. ఇప్పుడు మన దగ్గర కూడా వస్తున్నారు.

ఆ అమ్మాయి ఐటీఐలో చేరింది. పొద్దున బస్సు, సాయంత్రం వచ్చి తల్లితో పాటు ఇంటిపని, సెలవు రోజుల్లో పత్తి ఏరడం. చేరమన్న నా మాట వల్ల చేరిందని నేను అనుకోవడం లేదు. తల్లి లెక్క వేసుకుని "నేను చూసుకుంటలే" అన్నది కాబట్టి చేరింది. లైన్ క్లియర్ ఇచ్చింది ఆ తల్లి. అటువంటి మనిషి వెనక లేని ఆడపిల్లలకు ఆ మాట ఎవరివ్వాలన్నదే ఇంకా తేలని ప్రశ్న.